పాత జాబులో ‘జలతారు ఒకటి’ అంటే చీరా, పరికిణీ గుడ్డా?

మా ఇంట్లో 1951 నాటి జాబు ఒకటి ఉంది, గుంటూరు వైపు నుంచి వచ్చింది. దాన్ని టైప్ చేస్తూ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను: “పిల్లకు జలతారు ఒకటి, అల్లుడిగారికి సరిగంచు పంచెల చాపు ఒకటి పంపుతున్నాము.” కాగితం మడత దగ్గర చిరిగింది కానీ ఈ వరుస చెక్కుచెదరలేదు. ‘జలతారు’ తర్వాత చీర అనో రవిక అనో రాసి చెరిగిపోయిందనుకోవడానికి వీల్లేదు.

నిఘంటువులు చూశాను. పారసీలో ‘జర్’ అంటే బంగారం, ‘తార్’ అంటే దారం. అంటే అసలు అర్థం బంగారు తీగ, గుడ్డ కాదు. మనం కూడా జలతారు చీర, జలతారు పరదా అని పక్కన ఇంకో మాట చేర్చే వాడతాం కదా. ‘జలతారు ఒకటి’ అని లెక్కపెట్టడం నాకెక్కడా కనిపించలేదు. ధర్మవరంలో చీరలు నేసే ఒకాయన్ని అడిగితే, “మేం జరీ అనే అంటామండీ, సూరత్ నుంచి వస్తుంది” అన్నారు. మా అమ్మమ్మకు జరీ అంటే సరిగ అన్న మాటే తెలుసు. పోనీ జలతారు, సరిగ రెండూ ఒకటే అనుకుందామంటే, జాబు రాసినావిడ ఒకే వాక్యంలో రెండు మాటలూ విడివిడిగా వాడింది!

మీ ఇళ్లలో పెద్దవాళ్లు ‘జలతారు’ అని ఒంటరిగా అనేవారా, అంటే ఏ బట్టను అనేవారు?