క్యాన్సర్ కనబడకుండానే పొట్ట తీయించుకోవాలా?

గోదారి అక్క:
మా పిన్ని కడుపు క్యాన్సర్‌తో పోయింది. నెలల తరబడి "రెండు ముద్దలకే కడుపు నిండిపోతోంది" అంటుంటే అందరం గ్యాస్ అనుకున్నాం. తేలేసరికి పొట్ట గోడంతా గట్టిపడి, ఉదరపు పొరకూ పాకేసింది. వంశపారంపర్యంగా వచ్చే డిఫ్యూజ్ రకం, అంటే గడ్డ కట్టకుండా పొట్ట గోడలో పరుచుకునేది అన్నారు. ఇప్పుడు ఆమె కూతురికి, 27 ఏళ్ల పిల్లకి, రక్తపరీక్షలో సీడీహెచ్1 జన్యువులో లోపం కనబడింది. ఎండోస్కోపీ మాత్రం నార్మల్. సర్జన్ పొట్ట, అంటే జీర్ణాశయం, మొత్తం తీసేద్దామంటున్నారు. పెళ్లి కావలసిన పిల్లకి రోగం లేకుండా కోతేంటని బాబాయి ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

నెల్లూరు మాస్టారు:
నేను బాబాయి పక్షమే అమ్మా. ఈ లోపం ఉన్నవాళ్లలో 80 ఏళ్లలోపు మగవాళ్లకి 70 శాతం, ఆడవాళ్లకి 56 శాతం ముప్పు అని 2015లో లెక్క కట్టారు. అది క్యాన్సర్ బాగా ఉన్న కుటుంబాలను చూసి వేసిన లెక్క. 2019లో వచ్చిన అంచనా 42, 33 శాతాలకు దిగింది. అంటే చాలామందికి అసలు రాదు. పొట్ట తీశాక బరువు బాగా తగ్గుతుంది, జీవితాంతం విటమిన్ బి12 తీసుకోవాలి. తీపి తింటే చెమటలు, గుండెదడ. ఏటా ఎండోస్కోపీ చేయించుకుంటే సరిపోదా?

ల్యాబ్ మనిషి:
సరిపోదు మాస్టారూ. ఈ రకం పుండులాగా, గడ్డలాగా పైకి కనబడదు. కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే ప్రోటీన్ ఈ జన్యువు వల్లే తయారవుతుంది. అది లేని కణాలు విడిపోయి లోపలి పొర కింద చెదురుమదురుగా దాక్కుంటాయి, పైపొర గులాబీరంగులో నున్నగానే ఉంటుంది. ముందుజాగ్రత్తగా తీసిన పొట్టను మొత్తం పలుచగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే, ఎండోస్కోపీ నార్మల్ అన్నవాళ్లలో కూడా ఎక్కువమందిలో చిన్న చిన్న క్యాన్సర్ మచ్చలు దొరుకుతాయి. ఒక్కో కణంలో కేంద్రకం ఓ అంచుకి నెట్టుకుపోయి, రాయి పొదిగిన ఉంగరంలా కనిపిస్తుంది. ఈ దశలో తీసేస్తే దాదాపు అందరూ బతుకుతారు. లక్షణాలు మొదలయ్యాక వస్తే చాలామందికి పూర్తిగా నయం చేయలేం. పిన్నిగారికి జరిగింది అదే కదా.

నెల్లూరు మాస్టారు:
మచ్చ ఉన్నంత మాత్రాన అది పెరుగుతుందని లేదు కదండీ. ఏళ్ల తరబడి కదలకుండా ఉండేవే ఎక్కువ. 2020 అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ఆపరేషన్ వాయిదా వేసుకునేవాళ్లకు ఏటా పరీక్షకు ఒప్పుకున్నాయి.

ల్యాబ్ మనిషి:
ఒప్పుకున్నాయి, కానీ అనుభవమున్న చోట. అవే మార్గదర్శకాలు 20–30 ఏళ్ల మధ్య ఆపరేషన్‌నే సిఫారసు చేశాయి. పరీక్షంటే పది నిమిషాల్లో పైపైన చూసి మైక్రోస్కోప్ పరీక్షకు రెండు ముక్కలు తీయడం కాదు. పొట్టను బాగా కడిగి, గాలితో ఉబ్బించి, ప్రతి భాగం నుంచీ కలిపి సుమారు 30 ముక్కలు తీయాలి. మీ దగ్గర అలా చేసేవాళ్లున్నారా? ముందు అది కనుక్కోండి. అంతా సవ్యంగా చేసినా తప్పిపోయే మచ్చలుంటాయి.

డునెడిన్ కోడలు:
నేను న్యూజిలాండ్‌లో ఉంటాను. ఇక్కడి ఒక మావోరీ కుటుంబంలో తరతరాలుగా చిన్న వయసులోనే కడుపు క్యాన్సర్‌తో చనిపోతుంటే, వాళ్లే పరిశోధకుల దగ్గరకు వెళ్లారు. 1998లో ఈ జన్యువుకీ ఈ క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం బయటపడింది అలాగే. గోదారి అక్కా, ఆ పిల్లకి రొమ్ము గురించి ఎవరైనా చెప్పారా? ఇదే లోపంతో లోబ్యులర్ రకం (పాల గ్రంథుల్లో మొదలయ్యే) రొమ్ము క్యాన్సర్ ముప్పు జీవితకాలంలో సుమారు 40 శాతం. మామోగ్రామ్‌లో తేలిగ్గా దొరకదు, 30 ఏళ్ల నుంచి ఏటా ఎంఆర్ఐ చేయించుకోవాలి. పెళ్లి విషయానికొస్తే, పొట్ట తీయించుకున్నాక పిల్లల్ని కన్నవాళ్లు ఉన్నారు. ఐరన్, బి12 గట్టిగా చూసుకుంటూ ఉండాలి, అంతే.

గోదారి అక్క:
రొమ్ము సంగతి ఎవ్వరూ చెప్పలేదు. మా కుటుంబంలో చిన్న వయసులో పోయినవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ తక్కువ శాతాల మీద నమ్మకం పెట్టుకోలేను. పిల్ల కూడా ఆపరేషన్‌కే మొగ్గుతోంది, బాబాయితో రేపు మాట్లాడతాను. దాని తమ్ముడికి 19 ఏళ్లు, వాడికీ సగానికి సగం అవకాశం ఉందట. వాడికి పరీక్ష ఇప్పుడే చేయించాలా, కొన్నేళ్లు ఆగవచ్చా?