పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ళందరికీ డిశ్చార్జ్ రోజే డిప్రెషన్ మాత్ర రాయాలా?

ఫిజియో, పలమనేరు:
నా మటుకు రాయాలనే అంటాను. కారణం చెప్తాను, కాదనేవాళ్ళు కాదనండి.

పక్షవాతం వచ్చినవాళ్ళలో దాదాపు మూడోవంతు మంది తర్వాతి 5 ఏళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌లో పడతారని చాలా దేశాల లెక్కలు కలిపి చూస్తే తేలింది. అందులోనూ మొదటి ఏడాదే ఎక్కువ. చేతికి, కాలికి కదలిక వేగంగా తిరిగొచ్చేది మొదటి 3 నెలల్లో. సరిగ్గా ఆ 3 నెలలూ మనిషి గోడవైపు తిరిగి పడుకుని, "నాకెందుకులే, వదిలెయ్యండి" అంటే ఇక వ్యాయామం ఎవరితో చేయించాలి? తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనో, రుయా ఆసుపత్రిలోనో, చిత్తూరు వైపువాళ్ళయితే వేలూరు సీఎంసీలోనో చేరి ఇంటికి పోతారు. కుప్పం, పుంగనూరు పక్క పల్లెల్లో లేవలేని మనిషిని మళ్ళీ కారు మాట్లాడుకుని చూపించడానికి తీసుకురావడమంటే ఇంట్లోవాళ్ళకు రెండు రోజుల కూలి పోయినట్టే. తర్వాత కనిపెడదామంటే ఆ తర్వాత అనేదే ఉండదు. మందు చవక. అడ్మిషన్‌లో ఉండగానే మొదలుపెడితే పోయేదేముంది?

మనోవైద్యం, తిరుపతి:
పోయేదేమిటో లెక్క ఉందండీ. 2011లో ఫ్రాన్స్‌లో 118 మందితో ఫ్లేమ్ అనే పరిశోధన వచ్చింది. ఫ్లూఆక్సెటీన్ అనే డిప్రెషన్ మాత్ర రోజుకు 20 మిల్లీగ్రాములు 3 నెలలు ఇస్తే చేతులు, కాళ్ళు బాగా కదిలాయన్నారు. అప్పటినుంచి చాలాచోట్ల రాయడం మొదలైంది. 2018లో బ్రిటన్‌లో ఫోకస్ పేరుతో 3,127 మందికి అదే మోతాదు 6 నెలలు ఇచ్చి చూశారు. నడక, పనులు చేసుకోవడం ఏమీ మెరుగవలేదు. డిప్రెషన్ కొత్తగా వచ్చినవాళ్ళు మాత్రం తగ్గారు: మందు వేసుకున్నవాళ్ళలో 13.43 శాతం, వేసుకోనివాళ్ళలో 17.21 శాతం. అంటే 100 మందికి ఇస్తే నలుగురికి మేలు. అదే పరిశోధనలో ఎముకలు విరిగినవాళ్ళు 1.47 శాతం నుంచి 2.88 శాతానికి పెరిగారు. 2020లో స్వీడన్‌లో 1,500 మందితో చేసిందీ, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, వియత్నాంలలో 1,280 మందితో చేసిందీ నడక, ఎముకల విషయంలో ఇదే దారిలో వచ్చాయి. 70 దాటిన అవ్వకు తుంటి విరిగితే మీ వ్యాయామం అక్కడితో ఆగిపోతుంది.

డిప్రెషన్ ఉన్నవాళ్ళకు మందు ఇవ్వొద్దని నేననడం లేదు. ఇవ్వాల్సిందే, ఆలస్యం చెయ్యకుండా ఇవ్వాలి. లేనివాళ్ళకు ముందుజాగ్రత్తగా ఇవ్వడమే తప్పంటున్నాను.

ఫిజియో, పలమనేరు:
మీ లెక్క మళ్ళీ చూపించుకోవడానికి వచ్చేవాళ్ళకు సరిపోతుంది. రానివాళ్ళ సంగతి చెప్పండి.

మందులషాపు, చిత్తూరు:
రానివాళ్ళకు ఇవ్వడమే ఎక్కువ ప్రమాదం సార్. ఈ మందులు పెద్దవాళ్ళ రక్తంలో సోడియం తగ్గిస్తాయి. అది బయటపడేది మొదటి 2 నుంచి 4 వారాల్లోనే, ఇంటికి పోయిన తర్వాత. బీపీ మాత్ర స్ట్రిప్ తిప్పి చూడండి. పేరు చివర 'ఎచ్' అని ఉంటే అందులో హైడ్రోక్లోరోథయజైడ్ ఉంది, 'సీటీ' అని ఉంటే క్లోర్‌థాలిడోన్. రెండూ సోడియం లాగేసేవే. దీనిమీద మన పల్లెల్లో నాటు మందు పథ్యం పేరుతో ఉప్పులేని చప్పిడి కూడు పెడతారు. మూడూ కలిస్తే పదో రోజుకో పదిహేనో రోజుకో మనిషి మత్తుగా, తికమకగా, తూలుతూ ఉంటాడు. ఇంట్లోవాళ్ళు మళ్ళీ పెరాలసిస్ వచ్చిందనుకుంటారు. సోడియం 135కు తగ్గకుండా ఉండాలి. మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, మొదలుపెట్టి 2 వారాలయ్యాక ఒకసారి, నెల అయ్యాక ఒకసారి చూపించుకోవాలి. ఈ పరీక్షకు తిరుపతి పోనక్కర్లేదు, మండలంలో ల్యాబ్ ఉన్న చాలా ఊళ్ళలో చేస్తారు.

ఇంకోటి. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళకు ఈ మాత్రలు తోడైతే కడుపులో రక్తం కారే అవకాశం పెరుగుతుంది. భుజం నొప్పికి చీటీ లేకుండా కొనే డైక్లోఫెనాక్ కలిస్తే మరీ. మలం తారులా నల్లగా వస్తే ఆ రోజే చూపించాలి. ఫ్లూఆక్సెటీన్, ఫ్లూవాక్సమీన్ అయితే క్లోపిడోగ్రెల్ పనినే తగ్గించగలవు. క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళకు సెర్ట్రలిన్ అనే ఇంకో డిప్రెషన్ మాత్ర నయమని డాక్టర్లు రాయడం అందుకే.

మాట వైద్యం (స్పీచ్ థెరపీ):
అసలు డిప్రెషన్ ఉందో లేదో తేల్చేది ఎలాగన్నది మీరెవరూ ఎత్తలేదు. తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది: ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27, 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు చూడాలి. పక్షవాతం తర్వాత నిద్ర, ఆకలి, అలసట ప్రశ్నలకు మార్కులు జబ్బు వల్లే పడతాయి. అందుకని మొదటి రెండు ప్రశ్నల మీద గట్టిగా నిలబడాలి. రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేదా? దిగులుగా, ఆశ లేనట్టుగా ఉంటోందా? ఈ రెండింటికి కలిపి 3 వచ్చినా మిగతావి అడగాలి.

ఎడమ మెదడు దెబ్బతిని మాట పడిపోయినవాళ్ళను ఈ ప్రశ్నలు అడిగి లాభం లేదు. అర్థం కాకపోయినా తల ఊపేస్తారు. అక్కడ చూసుకునేవాళ్ళనే అడగాలి: మనవడు వస్తే ముఖం తిప్పుతారా, అటే పడుకుంటారా? సంగటి ముద్ద నోటిదాకా తెచ్చినా వద్దంటారా? రాత్రి మూడింటికే లేచి మళ్ళీ నిద్రపోరా? వ్యాయామానికి లేపితే చెయ్యి విదిలిస్తారా? ఇవి వారం పొడుగునా ఉన్నాయా?

చుట్టాలను చూడగానే వెక్కివెక్కి ఏడ్చి, నిమిషం రెండు నిమిషాల్లో మామూలైపోయేది చాలాసార్లు డిప్రెషన్ కాదు. మెదడులో ఏడుపు, నవ్వుల అదుపు దెబ్బతిన్నది. ఏడవకుండా, బాధ పడకుండా, పెడితే తిని పెట్టకపోతే అడగకుండా కూర్చునేవాళ్ళది మరొకటి, ఉత్సాహమే పుట్టకపోవడం. మొదటిదానికి ఈ మందులు బాగా పనిచేస్తాయి. రెండోదానికి పెద్దగా పనిచేయవు. అందరికీ ఒకే మాత్ర రాస్తే ఈ తేడా ఎవరు చూస్తారు?

ఫిజియో, పలమనేరు:
సోడియం మాట ఒప్పుకుంటాను. పక్షవాతానికి ముందే డిప్రెషన్ వచ్చి తగ్గినవాళ్ళ విషయంలో మాత్రం ఎదురుచూడొద్దనే నా పట్టు.

మందుకు ముందు ఒక పని చెయ్యండి, భుజం చూడండి. పడిపోయిన చేతిని పట్టి, చంకలో చెయ్యి వేసి పైకి లాగి లేపుతారు. కీలు జారి నొప్పి మొదలవుతుంది, ఆ పక్కకు ఒత్తిగిల్లలేరు, నిద్ర పోతుంది, నెలలో మనిషి కుంగిపోతాడు. నడుము దగ్గర పట్టుకుని లేపాలి. కూర్చున్నప్పుడు ఆ చేతి కింద దిండు ఉండాలి. పొద్దున 8 లోపల స్నానం, బట్టలు మార్చడం, అరుగు మీద కూర్చోబెట్టడం. చెనక్కాయలు వలవడం లాంటి చేతి పని పూటకు 15 నిమిషాలు. సరిగ్గా రాకపోయినా లాక్కోకూడదు.

మనోవైద్యం, తిరుపతి:
ముందు డిప్రెషన్ ఉన్నవాళ్ళ గురించి మీతో నాకు గొడవ లేదు. కానీ వాళ్ళకూ సోడియం చూసే మనిషి ఒకరుండాలి. రాలేనివాళ్ళకు ఫోన్ ఉంది కదా. డిశ్చార్జ్ చీటీ మీదే 4 వారాలకు, 3 నెలలకు, 6 నెలలకు, ఏడాదికి తేదీలు వేసి, కొడుకో కోడలో ఎవరి నంబరుంటే వాళ్ళకు చేసి ఆ రెండు ప్రశ్నలు అడగొచ్చు. నర్సు ఒకరు చాలు.

మందు అవసరమైతే సెర్ట్రలిన్ రోజుకు 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తర్వాత రోజుకు 50 చేస్తాం. ఎస్సిటలోప్రామ్ అయితే 5, తర్వాత 10. పొద్దున టిఫిన్ తర్వాత వేసుకోవాలి. మొదటి వారం రెండు వారాలు వికారం ఉండొచ్చు, అక్కడే చాలామంది మానేస్తారు. గుణం కనిపించేది 4 నుంచి 6 వారాలకు. బాగయ్యాక ఇంకో 6 నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. నిద్ర పట్టడం లేదని ఆల్‌ప్రజోలమ్ గానీ, నొప్పికని అమిట్రిప్టిలిన్ గానీ షాపులో అడిగి వెయ్యొద్దు. ఈ వయసులో తూలి పడతారు, రెండోది ఒంటేలు కూడా బిగబట్టిస్తుంది.

"దేవుడు తీసుకుపోతే బాగుండు" అన్న మాట పెద్దవాళ్ళు ఊరికే అంటుంటారని వదిలెయ్యకండి. "ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే చూపించాలి. తోటకు కొట్టే పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేసి వేరేచోట తాళం వేయండి, మాత్రల స్ట్రిప్పులు కూడా వాళ్ళ మంచం పక్కన పెట్టొద్దు. రాత్రిపూట అయితే 14416కు చేయండి. టెలీ మానస్, ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు.