బేరం ధర ముందే తెలిసిన వాల్యూయర్ సరైన విలువ కట్టగలడా?

నిజాంపేట_వాసి:
ఫ్లాటుకి 82 లక్షలకు అగ్రిమెంటు రాసుకున్నాను. బ్యాంకు పంపిన ప్యానల్ వాల్యూయర్ (ఆస్తి విలువ కట్టడానికి బ్యాంకు తన జాబితాలో పెట్టుకున్నవాడు) పావుగంట చూసి 70 లక్షలు కట్టాడు. 30 లక్షలు దాటి 75 లక్షల దాకా లోనైతే విలువలో 80 శాతం మించకూడదని ఆర్‌బీఐ రూలు. 65.6 లక్షలు వస్తాయనుకుంటే 56 దగ్గర ఆగింది. మిగతాది సర్దలేక బేరం వదిలేశాను. ఓనరు 3 లక్షల అడ్వాన్సు తిరిగివ్వలేదు. అదే నెలలో పై అంతస్తు ఫ్లాటుకి ఇంకో బ్యాంకులో అడిగినంతా వచ్చింది. ఆ ఫైలు చూసిన లోన్ ఏజెంటు నాతోనే అన్నాడు, "అంకె మేం ముందే వాల్యూయర్‌కి చెప్పేస్తాం సార్" అని. ఇదేం వృత్తి ధర్మం?

కొలతల_మాస్టారు:
నేను ప్యానల్ వాల్యూయర్నే. ఏజెంటు అంకె చెప్పడం, మనం రాయడం ముమ్మాటికీ తప్పు. 2017 రిజిస్టర్డ్ వాల్యూయర్ల రూల్స్‌లో ప్రవర్తనా నియమావళి ఉంది. పని అయితేనే ఇస్తామనే ఫీజు తీసుకోకూడదు, స్వతంత్రంగా ఉండాలి. కానీ 82 అడిగారు కాబట్టి 82 రాయాలనడం కూడా అలాంటిదే కదా.

రిటైర్డ్_మేనేజర్:
ఆ రూల్స్ కంపెనీల చట్టం 247వ సెక్షన్ కింద వచ్చినవి. ఇంటి లోన్లకు నేరుగా వర్తించవు, అక్కడ బ్యాంకు సొంత పాలసీయే. నన్నడిగితే అగ్రిమెంటు కాపీ వాల్యూయర్ చేతికి ఇవ్వడమే తప్పు. అందులో ధర ఉంటుంది. ఇక స్వతంత్రం ఎక్కడ?

కొలతల_మాస్టారు:
సార్, కాపీ లేకుండా ఎలా కడతాం? పక్క ఫ్లాటు ఎంతకు పోయిందో చూద్దామంటే సేల్ డీడ్‌లో రాసేది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు విలువకు కాస్త అటూఇటూ. అసలు డబ్బు సగం లెక్కలో ఉండదు. పోలికకు నిజమైన ధరలే దొరకని ఊళ్లో అగ్రిమెంటు ఒక ఆధారం. అదొక్కటే ఆధారం కాకూడదు, అంతే.

రిటైర్డ్_మేనేజర్:
ధర కొట్టేసి కాపీ ఇవ్వొచ్చు.

కొలతల_మాస్టారు:
ఓనర్ని అడిగితే ఆయనే చెప్తాడు. అప్పుడు చెవులు మూసుకోవాలా?

డాలస్_తెలుగు:
అమెరికాలో అగ్రిమెంటు ఉంటే అప్రైజర్ (ఇక్కడ వాల్యూయర్‌ని అలా అంటారు) దాన్ని పరిశీలించి తీరాలి. కానీ ఫలానా అంకె రావాలని లెండర్, అంటే అప్పిచ్చే బ్యాంకు, ఒత్తిడి చేయడం నేరుగా నిషేధం.

నిజాంపేట_వాసి:
కాపీ సంగతి కాదండీ నేను అడిగింది. 12 లక్షలు ఎందుకు తగ్గిందో నాకు ఎవరూ చెప్పలేదు.

కొలతల_మాస్టారు:
కార్ పార్కింగు, వుడ్‌వర్కు, ఎమినిటీస్ పేరుతో కలిపిన డబ్బు కొన్ని బ్యాంకులు లెక్కలోకి తీసుకోవు. అదై ఉండొచ్చు.

నిజాంపేట_వాసి:
ఉండొచ్చు, ఉండొచ్చు! మూడు లక్షలు పోయాయి, ఇంకా "ఉండొచ్చు" దగ్గరే ఉన్నాం.

రిటైర్డ్_మేనేజర్:
తమ్ముడూ, వాల్యూయర్లలో చాలామంది ఏజెంట్ల మాటే వింటారు. నా సర్వీసులో చూశాను.

కొలతల_మాస్టారు:
ఏజెంటు చెప్పిన అంకె రాయనన్నందుకు ఒక బ్రాంచి నాకు ఫైళ్లు పంపడం మానేసింది. ప్యానల్లో పేరు అలాగే ఉంది, పని లేదు. టార్గెట్ల కోసం బ్రాంచిలో కూర్చున్నవాళ్లే ఫోన్లు చేస్తారు. మీరు వాల్యూయర్ల గురించి మాట్లాడేముందు అది కూడా చెప్పండి సార్.

రిటైర్డ్_మేనేజర్:
మర్యాదగా మాట్లాడండి. ఇంటి లోను మొండిబాకీ అయితే ఉద్యోగం మీదికి వచ్చేది మేనేజరుకే. రేపు బాకీ కింద బ్యాంకు ఆస్తిని అమ్మే సర్ఫేసీ చట్టం వేలంలో ఆ ఆస్తి సగం ధరకు పోతే సంజాయిషీ ఇచ్చుకునేది మీరా, మేమా?

సీతమ్మధార_లక్ష్మి:
మీ ఇద్దరి గొడవలో కొనుక్కున్నవాళ్లు ఎక్కడా లేరు. మా ఫ్లాటు అయిదో అంతస్తు. పూర్తి విలువ వేసి లోను ఇచ్చారు. బ్యాంకే ఇచ్చిందంటే అన్నీ సరిగ్గా ఉన్నట్టే అని ధైర్యంగా కొన్నాం. అమ్మబోతే తెలిసింది, మంజూరైన ప్లాన్‌లో ఉన్నది నాలుగంతస్తులే. వాల్యూయర్ ఇంటికొచ్చి మెట్లెక్కి పైకి వచ్చాడు కదా, లెక్కపెట్టలేదా?

కొలతల_మాస్టారు:
అక్కా, అది పెద్ద తప్పే. శాంక్షన్ ప్లాన్‌తో పోల్చి రిపోర్టులో రాయాలి. కానీ ఒక మాట అర్థం చేసుకోండి. మా క్లయింటు బ్యాంకు. రిపోర్టు బ్యాంకు అప్పుకు భద్రత ఉందా లేదా అని చెప్పేది. కొనేవాళ్లకు సర్టిఫికెట్ కాదు.

నిజాంపేట_వాసి:
మరి ఫీజు ఎవరిది? నాది! లోన్ కాగితాల్లో ఇచ్చే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో వాల్యుయేషన్ ఫీజు అని విడిగా వేసి నా దగ్గరే వసూలు చేశారు. రసీదు ఇచ్చారు, రిపోర్టు మాత్రం "ఇంటర్నల్ డాక్యుమెంట్ సార్" అన్నారు. డబ్బు కట్టింది నేను, నష్టపోయింది నేను, చదవడానికి మాత్రం పనికిరానా?

డాలస్_తెలుగు:
ఇక్కడ కూడా క్లయింటు లెండరే. అయినా మొదటి తనఖా ఇంటి లోనైతే అప్రైజల్ కాపీ దరఖాస్తుదారుడికి ఇచ్చి తీరాలి. 2014 నుంచి ఆ రూలు ఉంది. మా ఇంటికి వచ్చింది, పోల్చిన ఇళ్లు, వాటి ధరలు అన్నీ అందులో ఉన్నాయి.

రిటైర్డ్_మేనేజర్:
కాపీ ఇస్తే ప్రతి కస్టమరూ బ్రాంచికొచ్చి పేచీ పెడతాడు.

నిజాంపేట_వాసి:
పెట్టనివ్వండి సార్. అంకె ముందే రాసి పెట్టుకున్నవాళ్లకే ఆ పేచీ కష్టం.

కొలతల_మాస్టారు:
నేను దాచడానికేమీ లేదు. కానీ కాపీ మీ చేతికొచ్చిన మర్నాడే బిల్డరూ, ఏజెంటూ, ఓనరూ ముగ్గురూ నాకే ఫోన్ చేస్తారు. ఇప్పుడు ఒక్క బ్రాంచి ఒత్తిడే తట్టుకోలేక చస్తున్నాం. ముందు వాల్యూయర్ని బ్రాంచి కాకుండా హెడ్డాఫీసు వంతులవారీగా వేయాలి, ఏజెంటుకి మా పేరు కూడా తెలియకూడదు. అది జరిగాక కాపీ ఇస్తే నాకు అభ్యంతరం లేదు.

సీతమ్మధార_లక్ష్మి:
అప్పటిదాకా మేం చూడకుండానే కొనాలా అన్నా? నాకు ముందు రిపోర్టు కావాలి. అంతస్తులు నేనే లెక్కపెట్టుకుంటాను.