పాత కారులోకి వాన నీరు: అద్దం చుట్టూ సిలికాన్ పట్టించాలా, బీడింగ్ విప్పి మార్చాలా?

కడప, మారుతి 800 యజమాని:

మా ఇంటి మారుతి 800 2007 నాటిది. పదిహేనేళ్లు నిండగానే ఎఫ్.సి. (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించి, రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లకు పొడిగించుకున్నాము. ఇంజనుతో చెప్పుకోదగిన ఇబ్బంది ఏదీ లేదు గానీ, అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలై గట్టి వాన పడిన ప్రతిసారీ డ్రైవరు పక్క సీటులో కూర్చున్నవారి కాళ్ల దగ్గర మ్యాట్ తడిసి ముద్దవుతోంది. ఆ తడి ఆరకముందే చలి మొదలవుతున్నందున, తెల్లవారుజామున బయలుదేరితే ముందు అద్దానికి లోపలి వైపు ఆవిరి పట్టి దారి కనిపించడం లేదు. మాకు తెలిసిన మెకానిక్ గారు ముందు అద్దం చుట్టూ సిలికాన్ పట్టిస్తే సరిపోతుందని అంటున్నారు. టింకరింగ్ పని చేసే పెద్దాయన మాత్రం అద్దం దించి రబ్బరు బీడింగ్ మార్చకపోతే ఫ్లోరును తుప్పు తినేస్తుందని హెచ్చరిస్తున్నారు. ఇంత పాత బండికి ఏది తగిన పని? అనుభవమున్నవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా మనవి.

అనంతపురం సభ్యులు:

సిలికానే మేలని నా అభిప్రాయం. రాష్ట్రంలోకెల్లా తక్కువ వాన పడే జిల్లాల్లో మాది ఒకటి. బండి తడిసి ముద్దయ్యేంత వాన ఏడాదిలో ఎప్పుడో గానీ పడదు. అమ్మితే పెద్దగా ధర పలకని బండికి అద్దం దించి, కొత్త బీడింగ్ కొని, కూలి ఇచ్చి చేయించడం అవసరమా? పైగా ఇన్నేళ్లు ఒకే చోట కదలకుండా ఉన్న అద్దాన్ని దించేటప్పుడు అంచున చిన్న పగులు పడినా మొత్తం అద్దం మార్చుకోవలసిందే. మా బండికి బీడింగ్ అంచును శుభ్రంగా తుడిచి, దాని కింద సన్నగా సిలికాన్ నింపించాము. ఆ తరువాత చుక్క నీరు రాలేదు.

కర్నూలు, అద్దాల పని చేసేవారు:

అనంతపురం సోదరుల మాటలో సగం నిజం ఉంది. మన ప్రాంతంలో వాన తక్కువే. అయితే బీడింగ్‌ను పాడుచేసేది వాన కాదు, ఎండ. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటిన ఎండలో, నీడ లేని చోట రోజంతా నిలబడిన బండి రబ్బరు బిరుసెక్కి, కుంచించుకుపోయి, మూలల దగ్గర రేకును వదిలేస్తుంది. ఆ సందు వేసవిలో ఎవరి కంటా పడదు. అక్టోబరు వానకు బయటపడుతుంది కాబట్టి వాన వల్లనే వచ్చిందని మనం అనుకుంటాము.

సిలికాన్ మీద నాకున్న అభ్యంతరం ఖర్చు గురించి కాదు. మారుతి 800 వంటి బండ్లలో ముందు అద్దాన్ని అంటించరు; రేకు అంచుకు తొడిగిన రబ్బరులో దాన్ని కూర్చోబెడతారు. ఆ రబ్బరుకూ రేకుకూ మధ్య ఏ కొద్దిపాటి నీరు చేరినా, చేరిన దారినే బయటకు జారి ఆరిపోవాలి. బయటి అంచును సిలికాన్‌తో మూసి, పైన ఎక్కడో గోరంత సందు మిగిలిపోతే, లోపల చేరిన నీటికి బయటికి దారి ఉండదు. అది రేకు మీదనే నిలిచి తుప్పు పట్టిస్తుంది. పట్టించేటప్పుడు వెనిగర్ వంటి ఘాటు వాసన వచ్చే రకం సిలికాన్ మరీ ప్రమాదకరం, ఎందుకంటే అది గట్టిపడే సమయంలో విడుదలయ్యే ఆమ్లం పెయింటు లేచిపోయిన రేకును తినేస్తుంది. ఆ తరువాత ఎప్పుడైనా బాగు చేయిద్దామన్నా, సిలికాన్ జిడ్డు మిగిలిన చోట పెయింటు నిలవదు. ఇలా పూసిన బండ్ల నుండి బీడింగ్ లాగినప్పుడు రేకు అంచు పొరలు పొరలుగా చేతికి వచ్చేయడం నేను చాలాసార్లు చూశాను. వాటి యజమానులందరూ ఆ అద్దం నుండి చుక్క నీరు రావడం లేదనే చెప్పేవారు.

అయినా కడప మిత్రులు అద్దం జోలికి పోకముందు చేయవలసిన పని ఒకటుంది. నీరు అద్దం నుండే వస్తోందని ఎవరు తేల్చారు? బానెట్ ఎత్తి, వైపర్ల కింద ఉన్న జాలీలోకి టార్చి వేసి చూడండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేపచెట్టు ఆకు రాల్చినప్పుడు కింద పెట్టిన బండి జాలీలోకి ఆ ఆకు దిగి, వేసవి దుమ్ముతో కలిసి, తొలి వానకే బురదై నీరు పోయే రంధ్రాన్ని మూసేస్తుంది. వాన నీరు జాలీ కింది తొట్టిలో నిండి, బ్లోయరు గాలి పీల్చుకునే దారి గుండా కారు లోపలికి, సరిగ్గా మీరు చెప్పిన చోటికే, కారుతుంది. అదే జరిగితే అద్దం చుట్టూ ఎంత సిలికాన్ పూసినా, ఎంత కొత్త బీడింగ్ వేసినా తడి ఆగదు.

ప్రొద్దుటూరు సభ్యులు:

ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ తడి వాన నీరేనా? వాన లేని రోజున ఏసీ వేసుకుని తిరిగినప్పుడు కూడా మ్యాట్ తడుస్తుంటే, ఏసీ నీరు బయటికి పోయే చిన్న పైపు దుమ్ముతో మూసుకుపోయిందన్నమాట. నీరు కొద్దిగా జిగటగా, రంగుతో, తియ్యటి వాసనతో ఉండి, అద్దం మీది ఆవిరి తుడిచినా జిడ్డుగా మిగులుతుంటే అది హీటరు కోర్ (హీటరు లోపలి చిన్న రేడియేటరు) నుండి కారుతున్న కూలెంట్, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం. అప్పుడు రేడియేటరులో మట్టం తగ్గుతూ పోతుంది కాబట్టి వాయిదా వేయకూడదు. మన దగ్గర నీరు గడ్డకట్టే చలి లేదు కదా అని కూలెంట్‌కు బదులు కుళాయి నీరు నింపి, తుప్పును కోరి తెచ్చుకునేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

డోర్ల సంగతీ మరువకండి. అద్దం పక్క సందు గుండా డోరు లోపలికి నీరు దిగడం సహజమే. అది అడుగు రంధ్రాల గుండా పోతుంది. డోర్ ప్యాడ్ వెనుక ఉండే ప్లాస్టిక్ షీటు ఆ నీటిని కారు లోపలికి రానివ్వదు. స్పీకర్లు బిగించినవారు ఆ షీటును చించి పారేసిన బండ్లు కొల్లలు.

ఇక తెల్లవారుజామున పట్టే ఆవిరికి, బయటి గాలి లోపలికి వచ్చేలా మీట తిప్పి, హీటరు వేడితో పాటు ఏసీ కూడా వేయండి. ఏసీ గాలిలోని తేమను తీసేస్తుంది, వేడి గాలి అద్దాన్ని ఆరబెడుతుంది. లోపలి గాలినే తిప్పుతూ కూర్చుంటే తడి మ్యాట్ నుండి లేచిన ఆవిరి అక్కడే తిరుగుతుంది.

కడప, మారుతి 800 యజమాని:

అందరికీ కృతజ్ఞతలు. ఏసీ వేయని రోజుల్లోనూ తడుస్తోంది, కూలెంట్ మట్టం తగ్గలేదు, కనుక వాన నీరేనని నిర్ధారించుకున్నాము. నిన్న మ్యాట్, దాని కింది మందపాటి ఫెల్ట్ తీసేసి, మా అబ్బాయి లోపల టార్చితో కూర్చోగా, నేను సన్నని ధారతో కింది నుండి పైకి ఒక్కొక్క చోట కొన్ని నిమిషాలు ఆగుతూ పైపుతో నీరు పట్టాను. డోరు దగ్గర ఏమీ లేదు. జాలీలో పోసిన నీరు మాత్రం దిగకుండా నిలిచిపోయి, కొద్దిసేపటికి బ్లోయరు కింది నుండి ధారగా వచ్చింది. రంధ్రంలో నుండి నల్లని ఆకు బురద గుప్పెళ్లతో తీశాక నీరు కిందికి సాఫీగా పోతోంది. అంతటితో అయిపోయిందనుకుని అద్దం మీదికి ధార మళ్లించగా, ఎడమ వైపు కింది మూలలో డ్యాష్‌బోర్డు వెనుక చుక్కలు పడటం మొదలైంది. అక్కడ బీడింగ్ అంచును వేలితో ఎత్తితే ఎర్రటి తుప్పు పొడి రాలింది.

అనంతపురం సభ్యులు:

అసలు కారణం జాలీయే అని తేలింది కదా. ఇక మిగిలింది ఒక మూల. దానికోసం అద్దమంతా దించమనడం నాకు ఇప్పటికీ ఎక్కువనిపిస్తోంది. ఘాటు వాసన లేని రకం సిలికాన్ దొరుకుతుంది. అదీ వద్దనుకుంటే, ఎప్పటికీ గట్టిపడకుండా మెత్తగా ఉండే అద్దాల సీలరును బీడింగ్ కిందికి ఎక్కించవచ్చు. అద్దం పగిలే ప్రమాదానికి మాత్రం ఇంతవరకు ఎవరూ సమాధానం చెప్పలేదు.

కర్నూలు, అద్దాల పని చేసేవారు:

ప్రమాదం ఉంది, కాదనను. అందుకే ఎండిపోయిన పాత బీడింగ్‌తో పెనుగులాడకుండా, దాని అంచును బ్లేడుతో కోసేసి అద్దాన్ని ఇద్దరు పట్టి ఎత్తాలి. రాళ్ల దెబ్బకు ముందే నెర్రె పడిన అద్దమైతే యజమానికి ఆ మాట చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే చేయి వేయాలి.

మెత్తని సీలరు గురించి మీరన్నది నేనూ ఒప్పుకుంటాను, కానీ రేకు శుభ్రంగా ఉన్నప్పుడే. రాలిన తుప్పు పొడి మీద ఏ సీలరూ పట్టు నిలవదు, దాని కింద తుప్పు పాకడం ఆగదు. కొత్త బీడింగ్ కూడా గుంటలు పడిన రేకు మీద సరిగా కూర్చోదు. కాబట్టి ఈ బండికి తుప్పును గీకి, ప్రైమరు, పెయింటు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, ఆపైన కొత్త బీడింగ్ వేయాలి. వేసేటప్పుడు బీడింగ్ గాడిలో నూలు తాడు చుట్టూ దూర్చి, అంచుకు సబ్బు నీరు రాసి, ఒకరు బయటి నుండి అద్దాన్ని అరచేతితో నొక్కుతుంటే మరొకరు లోపలి నుండి తాడును మెల్లగా లాగుతారు. రబ్బరు పెదవి ఒక్కొక్క అంగుళమే రేకు మీదికి ఎక్కుతుంది. తాడు వాడకుండా స్క్రూడ్రైవరుతో ఎక్కించే షాపుకు మాత్రం బండి ఇవ్వకండి, రబ్బరు చిరుగుతుంది, వేసిన పెయింటు గీసుకుపోతుంది.

అనంతపురం సభ్యులు:

తుప్పు బయటపడింది కాబట్టి ఈ బండి విషయంలో మీ మాటకు అడ్డు చెప్పను. రేకు బాగున్న బండికి మెత్తని సీలరు చాలన్న నా అభిప్రాయం మాత్రం అలాగే ఉంది. కడప వారికి ఒక మనవి: ఆ ఫెల్ట్‌ను పైకి ఆరినట్టు కనిపించగానే తిరిగి వేయకండి. మధ్య పొరలో నీరు చాలా రోజులు ఉండిపోతుంది. మిద్దె మీద ఎండలో రెండు వైపులా తిప్పి ఆరబెట్టండి. ఈలోగా ఫ్లోరు అడుగున ఉన్న రబ్బరు బిరడాలు తీసి చూడండి; వాటి చుట్టూ రేకు మెత్తబడి ఉంటే, వచ్చే ఎఫ్.సి.కి ముందే, ఎలాగూ బండి షాపులో ఉంటుంది కాబట్టి, అద్దం పనితో పాటే అదీ చేయించుకోవడం మంచిది.