సమస్యాపూరణం: “పసుపు లేక నలుపు పనికిరాదు”

మాస్టారు: నిన్న రాత్రి మనవడి హాల్ టికెట్ తీయబోతే మా ప్రింటరు కదల్లేదు. నల్ల ఇంకు నిండుగా ఉంది, తీయాల్సిన కాగితంలో రంగన్నదే లేదు. అయినా పసుపు అయిపోయిందని ఎర్రదీపం వెలిగించి కూర్చుంది. బ్రాడీపేట నుంచి అరండల్‌పేట దాకా నడిచి జెరాక్సు షాపులో తీయించుకున్నాను. తిరిగొస్తూ గొణుక్కున్న మాట లెక్కపెడితే ఆటవెలది నాలుగో పాదం! అదే ఈ వారం సమస్య; ఇది చివరి పాదంగా వచ్చేలా మిగతా మూడు పాదాలూ మీరు పూరించాలి. ప్రింటరే ఉండాలని లేదు.

తెనాలి కుర్రాడు:

వేల నాలుగిచ్చి తెచ్చితి ప్రింటరు
రెండు వేలు మింగె రెండు నెలల
తలను గడిగి గడిగి తరిగె నింకంతయు
పసుపు లేక నలుపు పనికిరాదు

మాస్టారు: మూడో పాదం బాగుందోయ్. హెడ్ క్లీనింగ్ (ఇంకు చిమ్మే ‘తల’ను కడగడం) నొక్కిన ప్రతిసారీ ఇంకు కాగితం మీదికి కాదు, లోపలి స్పాంజిలోకి పోతుంది. తలంటు ఖర్చే సగం! కానీ మొదటి పాదంలో యతి తప్పింది. పాదం తొలి అక్షరానికి నాలుగో గణం (లయ ముక్క) తొలి అక్షరం జత కుదరాలి. నాలుగో గణం మొదట ‘వే’కి ‘తె’ చెల్లదు. “వేల నాలుగిచ్చి వెంట దెచ్చిన పెట్టె” అని చూడు. ఇక సమస్య పాదం అతికించినట్టుంది. ఇంకంతా తరిగాక పసుపు ఒక్కదాని ఊసెందుకు?

తెనాలి కుర్రాడు: యతి దిద్దుకుంటాను మాస్టారూ. అన్వయం (పాదాల పొందిక) మాత్రం నా వల్ల కాదు, పరీక్షలున్నాయి.

పటమట పద్యాలరావు:

నల్ల యింకు నిండ నాకేమి లాభమ్ము
చిట్టి చుక్క పసుపు చిక్కకున్న
మొండికేసెనయ్య మూల మా ప్రింటరు
పసుపు లేక నలుపు పనికిరాదు

గవర్నర్‌పేట సర్వీసు: పద్యం సాఫీగా ఉంది గానీ అన్ని ప్రింటర్లకీ వర్తించదండీ. మూడు రంగులూ ఒకే డబ్బాలో ఉండే కొన్ని మోడళ్లలో ఆ డబ్బా తీసేస్తే నల్లదానితోనే నడుస్తుంది. రంగుకో డబ్బా ఉన్నవాటిలో చాలావరకు మొండికేస్తాయి. వేడితో ఇంకును చిమ్మే హెడ్డు ఖాళీగా నడిస్తే మాడిపోతుంది, అదొక కారణం. ఈ ఇంకు డబ్బాల (కార్ట్రిడ్జుల) వ్యాపారం ఇంకో కారణం, అది మా నోటితో చెప్పించకండి.

మాస్టారు: “మూల మా ప్రింటరు” అన్నాడు కాబట్టి ఆయన ఇంటి ప్రింటరు వరకే లెండి. దోషం కాదు. ‘చిక్కకున్న’ అటు లాభానికీ, ఇటు మొండితనానికీ అన్వయించడం నాకు నచ్చింది. కానీ నా గొణుగుడునే నాకు తిరిగి చెప్పినట్టుంది, కొత్త ఊహ లేదు.

సత్యనారాయణపురం కోడలు:

అచ్చులోన మెరిసె నక్షర ముత్యాలు
నాల్గు మూలలరసి నవ్వకుండ
బామ్మ యనియె పెండ్లి పత్రిక చేబట్టి
పసుపు లేక నలుపు పనికిరాదు

మాస్టారు: అమ్మా, ఇదీ పూరణ అంటే! సమస్య పాదాన్ని బామ్మ నోట పెట్టగానే విరుపంతా పోయింది. మూలలకు పసుపు పెట్టని నల్లటి కాగితం శుభలేఖ ఎలా అవుతుంది? ‘నవ్వకుండ’ అన్న ఒక్క మాటతో బామ్మ ముఖం కనబడింది. ‘మెరిసె నక్షర’ దగ్గర, పాదం మొదటి ‘అ’కి ‘నక్షర’లోని ‘అ’ జతపడి, స్వరయతి (అచ్చుల యతి) కూడా చక్కగా పడింది.

పటమట పద్యాలరావు: ఒప్పుకుంటున్నాను. ఇంతకీ మాస్టారూ, మీరు కొత్త ప్రింటరు ఏది కొంటున్నట్టు?

గవర్నర్‌పేట సర్వీసు: నెలకి పది కాగితాలు, అవీ నలుపే అయితే లేజరు తీసుకోండి. అందులో ఇంకు బదులు వాడే టోనరు పొడి కాబట్టి ఆర్నెల్లు ముట్టకపోయినా ఎండిపోదు. రంగులు తరచూ కావాలంటే ట్యాంకు ప్రింటరు (సీసాతో ఇంకు పోసుకునేది). అయితే వారానికో రంగు కాగితం తీస్తూ ఉండాలి, మన బెజవాడ ఎండలకి నాజిల్స్ (ఇంకు చిమ్మే సన్న రంధ్రాలు) ఊరికే గట్టిపడిపోతాయి. పెట్టె చవకగా ఉందని కొనకండి. ముందు కార్ట్రిడ్జి ధర, అది ఎన్ని పేజీలొస్తుందో అడగండి.

సత్యనారాయణపురం కోడలు: పద్యంలో పట్టని సంగతి ఒకటుంది మాస్టారూ. అది మా ఆడపడుచు పెళ్లి పత్రిక. దేవుడి దగ్గర పెట్టడానికని తొలి ప్రతి ఇంట్లో ప్రింటరులోనే తీశాం. బామ్మ పసుపు తడిపి మూలకి అద్దబోతే వేలి నుంచి నీటి చుక్క జారి ముహూర్తం లైను మీద పడింది. ఇంకు అలుక్కుపోయి ‘రాత్రి’ అన్న మాటే మిగిలింది. మిగతావన్నీ ఏలూరు రోడ్డులో లేజరు మీద తీయించాం. పసుపు మాత్రం దుగ్గిరాల కొమ్ములు కొట్టించినదే.