నేర్పిన మనిషే మార్కులూ వెయ్యడం న్యాయమేనా? (కౌన్సెలింగ్ ట్రైనీల గొడవ)

నాగావళి_గట్టు:
శ్రీకాకుళంలో కౌన్సెలింగ్ ట్రైనింగ్ చేసిన మా చెల్లి ఫ్రెండుకి ఫైనల్ ఫారంలో "క్లయింట్‌తో దగ్గరితనం" కాడ 5కి 2 వేసీసారు. ఉద్దానం డయాలసిస్ కుటుంబాలతో పని ఆ గుంటది. వివరాలు మార్చి చెప్తున్నాను, జీడిపిక్కలు ఒలిచి వేళ్ళు నల్లబడిపోయినావిడ ఒకావిడ వచ్చి కొంగు మడతలు పెట్టుకుంటూ కూర్చుందట, ఏటీ మాట్లాడదు, ఈ గుంట కంగారుపడి ప్రశ్నలు గుప్పించకుండా అలాగే కూర్చుందట, చాలాసేపటికి ఆవిడే "ఆయన పోతే నానేటైపోతాను" అనీసి మొదలెట్టింది. రిపోర్టులో మాత్రం "క్లయింట్ ఎక్కువ మాట్లాడలేదు" అని ఒక్క లైను రాసింది పిచ్చిమొహం. పని నేర్పి మార్కులూ వేసే సూపర్వైజర్ ఒక్క సెషనూ వినలేదు, ఆ లైను చూసి 2. ఇంగ్లీషులో రిపోర్టు దంచినోళ్ళకి 4. అన్నాళ్ళూ "బాగానే చేస్తున్నావమ్మా" అన్నదీ ఆవిడే.

వంశధార_మాస్టారు:
బాబూ, నేనూ ట్రైనీలని చూస్తాను. రాయనిది మాకెలా తెలుస్తాది? సంతకం పెట్టేది మేము, ఆ సంతకాన్ని నమ్మి రేపు ఎవరో వాళ్ళ ముందు కూర్చుని ఏడుస్తారు. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని అడగడానికి నోరు రాని ట్రైనీని జాలిపడి పాస్ చేసీమంటారా? అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ 2014 నియమావళిలో కూడా పనికిరానోళ్ళని ఆపడం సూపర్వైజర్ పనే అని ఉంది.

నాగావళి_గట్టు:
ఆపొద్దని ఎవరన్నారండీ. ఎప్పటికప్పుడు ఎలా చేస్తున్నారో చెప్పి రాసిపెట్టాలి, మధ్యమధ్యలో కూర్చోబెట్టి మదింపు చెయ్యాలి, సరిచేసుకోడానికి సాయం చెయ్యాలి అనీ అందులోనే ఉంది, సగమే చదివితే ఎలాగ మాస్టారూ. ఆఖరి రోజు మొదటిసారి విన్న లోపానికి మార్కులు కొయ్యడమే నాకు మింగుడుపడట్లేదు.

కొత్తవలస_కాఫీ:
ఆ ఇంగ్లీషు రిపోర్టు సంగతి పాత జబ్బే. సైన్యంలో ఆఫీసర్లు కింది వాళ్ళకి వేసిన మార్కులు చూసి 1920లోనే థార్న్‌డైక్ అనే సైకాలజిస్టు చెప్పాడు, ఒక గుణం నచ్చితే మిగతావాటికీ మార్కులు పడిపోతాయని. ఇంకోటి, 1996లో లడానీ అనే పరిశోధకుడి బృందం కౌన్సెలింగ్ ట్రైనీలని అడిగితే నూటికి తొంభై మందికి పైగా సూపర్వైజర్ దగ్గర ఏదో ఒకటి దాచామన్నారు. మార్కులేసే మనిషికి తప్పు చెప్పుకునే ధైర్యం ఎవడికుంటాది? నేర్పేవాళ్ళు వేరు, ఆఖరి మార్కేసేవాళ్ళు వేరు ఉండాలి.

వంశధార_మాస్టారు:
ఆ రెండో మనిషిని విశాఖ నుంచి బస్సెక్కించి తేవాలా? వచ్చినా ఈ ట్రైనీ ఎక్కడ మొదలై ఎక్కడికొచ్చిందో ఆయనకేం తెలుసు? పోనీ రికార్డు చేద్దామా అంటే ఊళ్ళల్లో ఫోన్ బయటికి తీస్తే చాలు జనం లేచి వెళ్ళిపోతారు. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో గోప్యత హక్కు ఊరికే పెట్టలేదు.

ఉద్దానం_కొబ్బరి:
నేను ట్రైనీని. క్లయింట్‌ని అడిగి, ఒప్పుకుంటే మీరే ఓ మూల కుర్చీలో కూర్చోండి సార్, రికార్డు గోలే ఉండదు. ఆ ఫారం కూడా మొదటి రోజే మా చేతికిచ్చీండి. దేనికి 2, దేనికి 4 అని తెలీకుండా ఇన్నాళ్ళూ గుడ్డిగా చేస్తున్నాం.

వంశధార_మాస్టారు:
ఫారం ముందే ఇస్తాను, అది న్యాయమే. కూర్చోడం కూడా అప్పుడప్పుడూ అవుతాది. కానీ ప్రాణం మీదకొచ్చిన క్లయింట్‌ని పట్టించుకోకపోతే మాత్రం ముందు చెప్పానా లేదా అని చూసుకోను, ఆ రోజే ఆపేస్తాను.

నాగావళి_గట్టు:
అక్కడ ఆపండి, నేనూ మీతోనే. మరి మాట్లాడకుండా కూర్చున్నందుకు పడిన ఆ 2 సంగతేటి? దానికి జవాబు ఇంకా ఎవరూ చెప్పలేదు.