1999 నుంచి కదలని పెట్రోలు జీపు పికప్: ముందు తిప్పి చూడాలా, ముందే ఇంజను దించాలా?

మిరపతోట:
మా నాన్నగారు 1971లో మహీంద్రా పెట్రోలు జీపు కొని, పొడవు ఛాసిస్ మీద విజయవాడలో చెక్క తొట్టి కట్టించి పికప్‌గా వాడుకున్నారు. ఇరవై ఎనిమిదేళ్లు గుంటూరు యార్డుకు మిరప బస్తాలు మోసిన ఆ బండి 1999లో పెంకుల షెడ్డులోకి చేరింది, మళ్లీ బయటికి రాలేదు. ఇంజను హరికేన్, నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు. సంక్రాంతికి నేను మూడు వారాలు ఊళ్లో ఉంటాను, ఆ పండుగకు బండి నడవాలని నా కోరిక. ఉన్నదాన్ని శుభ్రం చేసి స్టార్ట్ చేయించవచ్చా, లేక ముందే ఇంజను దించి విప్పించాలా? ఇద్దరు మెకానిక్కులను అడిగితే ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు.

స్పానరు:
దించవద్దు. బ్యాటరీ పెట్టి సెల్ఫ్ మాత్రం కొట్టించకండి. ముందుగా నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కొక్క రంధ్రంలో సగం ఇంజనాయిలు, సగం డీజిలు కలిపిన మిశ్రమం రెండు చెంచాలు పోసి వారం రోజులు వదిలేయండి. ఆయిలు నిలిచే చాంబరు అడుగు నట్టు వదులు చేసినప్పుడు మొదట నీళ్లు కారితే కంగారు పడవద్దు; ఇన్నేళ్లలో చేరిన చెమ్మ ఆయిలు కన్నా బరువు కాబట్టి అడుగున ఉంటుంది. కొత్త ఆయిలు పోశాక, ప్లగ్గులు లేకుండానే, హ్యాండిలుతో చేతి బలం మీద నెమ్మదిగా తిప్పండి. తిరిగితే డెల్కోలో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరులో) పాయింట్లు శుభ్రం చేసి 0.020 అంగుళాల సందు పెట్టండి. పాత ట్యాంకు జోలికి పోకుండా, ఒక లీటరు డబ్బా నుంచి గొట్టంతో నేరుగా కార్బురేటరుకు పెట్రోలు ఇవ్వండి. ఆ ట్యాంకులో మిగిలినది పెట్రోలు కాదు, జిగురు. ఎయిర్ ఫిల్టరులోనూ సైలెన్సరులోనూ ఎలుకల గూళ్లు తప్పకుండా చూడండి.

బోరుపని:
నలభై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్నవాడిగా చెబుతున్నాను, ఇది ప్రమాదకరమైన సలహా. చేతికి తిరిగినంత మాత్రాన ఇంజను బాగున్నట్టు కాదు. పిస్టను రింగులు గాడుల్లో పట్టేసి ఉంటాయి, సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే వాటర్ జాకెట్‌లో తుప్పు మట్టిలా పేరుకుని ఉంటుంది, వాల్వులు గైడుల్లో బిగుసుకుని ఉంటాయి. స్టార్ట్ అయిన పది నిమిషాలకు వేడెక్కి ఇంజను పైమూత, అంటే హెడ్డు, వంగితే, ఇప్పుడు వేలల్లో అయ్యే ఖర్చు అప్పుడు లక్షల్లోకి పోతుంది. దించి, విప్పి, కొలిచి, అవసరమైతే బోరు వేయించి (అరిగిన సిలిండర్లను మళ్లీ చెక్కించి) బిగించడమే పద్ధతి.

బందరురోడ్డు:
బ్రేకుల సంగతి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. కదలడం సరే, ఆగడం ఎలా?

స్పానరు:
వాల్వు బిగుసుకుంటే పిస్టను తగులుతుందన్న భయం ఈ ఇంజనుకు వర్తించదు. హరికేన్‌లో పెట్రోలు, గాలి లోపలికి వచ్చే ఇన్‌లెట్ వాల్వు హెడ్డులో, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వు కింది బ్లాకులో పక్కన ఉంటాయి. తెరుచుకుని బిగుసుకున్న ఎగ్జాస్ట్ వాల్వుకు పిస్టను తగిలే దారే లేదు. బ్లాకు పక్కనున్న మూత విప్పితే స్ప్రింగులు కళ్లకు కనిపిస్తాయి, హెడ్డు తీయకుండానే ఆయిలు పోసి సుతారంగా తట్టి వదులు చేయవచ్చు.

బోరుపని:
పిస్టను తగులుతుందని నేను ఎక్కడ రాశాను? నా మాట ఇన్‌లెట్ గురించి. మూసుకుని బిగుసుకున్న ఇన్‌లెట్ వాల్వును సెల్ఫ్ బలంతో తెరిపించబోతే దాన్ని కింది నుంచి నెట్టే పుష్ రాడ్డు వంగుతుంది. నా సొంత జీపుకే అలా జరిగింది. స్టార్ట్ అవుతుందో లేదో ఊరికే ఒకసారి చూద్దామన్న మిత్రుడి మాట విని రెండు రాడ్లు, పైన వాల్వును నొక్కే రాకరు ఒకటి పోగొట్టుకున్నాను.

స్పానరు:
సెల్ఫ్ కొట్టవద్దనే నేనూ మొదట రాశాను. మీరు చదవలేదు.

బోరుపని:
చదివాను. మీరు వద్దన్నా జనం కొడతారు.

స్పానరు:
అయితే నా అనుభవం కూడా వినండి. మీరు చెప్పిన పద్ధతిలోనే ఒక షెడ్డుకు నా బండి అప్పగించాను. ఇంజను దించారు, విప్పారు, ఆ తరువాత పద్నాలుగు నెలలు అది పళ్లేల్లోనే ఉండిపోయింది. తిరిగి వచ్చినప్పుడు అసలు సోలెక్స్ కార్బురేటరు మాయమై, దాని స్థానంలో ఏదో నకిలీది ఉంది. అడిగితే పాతది పనికిరాదని పారేశామన్నారు. విప్పడం పావుగంట పని అండీ. విప్పినదంతా మళ్లీ ఒకచోట చేరడమే గొప్ప.

గోదారిగట్టు:
ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. ఆ కాలపు రబ్బరు గొట్టాలు, పంపులోని డయాఫ్రం దానికి తట్టుకోవు. ముందే మార్చించండి.

బోరుపని:
అసలు పెట్రోలుతోనే ఎందుకు? ఎనభైలలో ఊళ్లలో సగం పెట్రోలు జీపులకు డీజిలు ఇంజన్లు ఎక్కించారు. ఎలాగూ దించుతారు కాబట్టి ఒక పాత డీజిలు ఇంజను వేసుకుంటే బండి నాలుగు రోజులు పనికి వస్తుంది. పూజలో పెట్టుకోవడానికా బండి?

మిరపతోట:
దయచేసి ఆ మాట అనకండి. నాన్నగారు నడిపిన ఇంజను తీసేస్తే మిగిలేది రేకులే. పైగా 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి మౌలిక రూపంలో ఉన్న వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు.

బందరురోడ్డు:
కొన్న తరువాత కట్టించిన తొట్టి మౌలిక రూపం కిందికి వస్తుందా? సరుకు వాహనంగా నమోదై ఉంటే ఆ నిబంధన వర్తిస్తుందా? ఇంజను మీద డబ్బు పెట్టకముందే ఈ రెండూ రవాణా కార్యాలయంలో కనుక్కోండి. ఒకవేళ నమోదైనా, వింటేజ్ బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించడానికి వీలు లేదు.

బోరుపని:
అంటే సంక్రాంతికి ఫొటో దిగి మళ్లీ షెడ్డులో పెడతారన్నమాట. దానికి ఇంజను ఎందుకండీ, రంగు వేయిస్తే చాలదా?

మిరపతోట:
మీకు తెలియని మా కుటుంబం గురించి ఎగతాళి అవసరం లేదు. ఖర్చు ఎంతైనా నేనే పెట్టుకుంటాను.

షెడ్డుతాళం:
నేను ఈ వేదికలో కొత్తగా చేరాను. పైన అడిగినది మా అన్నయ్య, డాలస్‌లో ఉంటాడు. బండి ఉన్న షెడ్డు నాది. బోరుపని గారు కటువుగా అన్నారు కానీ, ఆయన అడిగిన ప్రశ్న ఇంట్లో నేను అడగలేకపోతున్నదే. ఆ మూడు వారాల తరువాత దాని ఆయిలు ఎవరు మార్చాలి? కాగితాల కోసం ఎవరు తిరగాలి? ఆర్.సి. ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది. నిరుడు వాన వచ్చినప్పుడు మిరపకాయలు ఆరబెట్టడానికి చోటు లేక పదకొండు బస్తాలు తడిశాయి. బండి మాత్రం పొడిగా ఉంది. అన్నయ్యా, ఖర్చు నీదే అన్నావు. ఖర్చు గురించి నేనెప్పుడూ అడగలేదు.

ఇక ఇంజను సంగతి. పట్టేసిందా లేదా అని ఇంతసేపు వాదించారు. అది పట్టేయలేదు. ఏటా దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు నాన్నగారు బొట్టు పెట్టి, హ్యాండిలు వేసి నాలుగు చుట్లు తిప్పేవారు. ఆయన పోయాక నేనూ మానలేదు. తిరుగుతుంది. క్లచ్చు మాత్రం పట్టేసింది. బ్రేకు పెడలు తొక్కితే నేలకు తగులుతుంది.

మిరపతోట:
తిప్పుతున్నావని నాకు ఒక్కసారి కూడా చెప్పలేదేంరా?

షెడ్డుతాళం:
నువ్వు ఇంజను గురించే అడిగేవాడివి, అదీ మెకానిక్కులను. నన్ను అడగలేదు.

స్పానరు:
షెడ్డుతాళం గారూ, ఇప్పటివరకు ఇక్కడ వచ్చిన పనికొచ్చే సమాచారం మీదొక్కటే. ఒక చిన్న సంగతి చెప్పండి. ప్లగ్గులు బిగించి ఉండగా హ్యాండిలు రెండు చుట్లు తిప్పితే నాలుగుసార్లు బిగువు తగలాలి. తగులుతోందా?

షెడ్డుతాళం:
ఇప్పుడే చూసి వచ్చాను. మూడుసార్లే తగులుతోంది. ప్లగ్గులు ఒక్కొక్కటిగా తీసి రంధ్రం మీద వేలు పెడితే, మూడో దానిలో గాలి వేలిని తన్నడం లేదు.

బోరుపని:
వాల్వు. నేను మొదటి రోజే చెప్పాను.

స్పానరు:
వాల్వే కావచ్చు. తెరుచుకుని ఆగి ఉంటే మీరు చెప్పిన ఇన్‌లెట్ ప్రమాదం ఇది కాకపోవచ్చు కూడా. రాకరు కవరు తీసి ఇన్‌లెట్ కదులుతోందో లేదో చూడండి. కదిలితే పక్క మూత విప్పండి, ఎగ్జాస్ట్ మీద పడండి. రెండూ బాగుంటే అప్పుడు హెడ్డు తీయక తప్పదు, నేనూ ఒప్పుకుంటాను.

బోరుపని:
హెడ్డు తీసే పని పడితే కబురు చేయండి. తెనాలిలోనే ఉంటాను. కూలి వద్దు, ఎవరూ తొందరపెట్టకుండా ఉంటే చాలు.

షెడ్డుతాళం:
కాయ కోతలు అయ్యేదాకా నాకు తీరిక ఉండదు. అవి సంక్రాంతికి అయిపోవు.

మిరపతోట:
సంక్రాంతి మాట వదిలెయ్. ఆరబెట్టడానికి ముందు వేరే రేకుల షెడ్డు వేద్దాం, కొలతలు పంపించు.